మూడు చోట్ల తగిలిన బుష్షు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. (తెలియదని పైకి అనకపోతే తెలిసినట్టేనన్నది మా వంశాచారం.) పాలకీడు దగ్గర తాతగారి భూములన్నీ పోయి, దొర అన్న పిలుపొక్కటే మిగిలాక, ఐటీఐ చదివి మిర్యాలగూడలో ఒక లేతు షాపులో చేరాను. ఆరు నెలలు ఇనుప పొట్టు ఊడ్చాక, మేస్త్రి మొదటిసారి ఒక పని పూర్తిగా నాకే అప్పగించాడు. రైసుమిల్లు షాఫ్టు తిరగడానికి దానికి తొడిగే, కడియంలాంటి పలుచటి ఇత్తడి బుష్షు. షాఫ్టునూ, నాలుగు ఇత్తడి ముక్కలనూ నా ముందు పెట్టి, "మంచిగ జేస్తే రేపటిసంది లేతు నీది. లేకుంటే మల్ల ఊడ్సుడే. జర చెప్పాల్నా?" అన్నాడు. "అక్కర్లేదు మేస్త్రీ, నాకు తెలుసు" అన్నాను. "సరే దొరా" అని స్టూలు మీద కూర్చున్నాడు.

ముక్కను పట్టి తిప్పే చక్కులో పెట్టి, వంశ ప్రతిష్ఠంతా చేతుల్లోకి తెచ్చుకుని దాని మూడు దవడలూ బిగించాను. లోపల తరిగాను. యంత్రం మీద ఉండగా కొలిస్తే నిండు గుండ్రం, డయలు ముల్లు వెంట్రుకవాసి కదలలేదు. విప్పి షాఫ్టుకు తొడిగితే సగంలోనే పట్టేసింది. కత్తి మొద్దుబారిందనుకుని నూరాను. రెండోదీ అంతే. లేతు బేరింగు వదులైందేమోనని మూత విప్పి చూశాను. అది నాకన్నా గట్టిగా ఉంది. ముక్క జారుతోందేమోనని మూడోదాన్ని ఇంకా బిగించాను. అది షాఫ్టు కొననైనా దూరనివ్వలేదు. లేతు చుట్టూ తిరిగాను, గుమ్మం దాకా వెళ్లి వచ్చాను, కొలిచిందే మళ్లీ కొలిచాను. గుమ్మంలో మిల్లు సేటు బండి దిగకుండా కాలు ఆడిస్తున్నాడు. "వడ్ల ట్రాక్టర్లు రోడ్డు మీదికి లైను గట్టినయ్. పన్నెండు దాటితే సూర్యాపేట వోయి చేపించుకుంట" అన్నాడు.

"నాకెందుకు జెప్తవ్ సేటూ, దొరకు జెప్పు. ఆయనకన్నీ ఎరుకే" అన్నాడు మేస్త్రి.

పన్నెండుకు పావుగంట ఉంది. ఇత్తడి ఒక్క ముక్కే మిగిలింది. గొంతు సవరించుకుని, గోడవైపు చూస్తూ, "నాకొస్తలేదు మేస్త్రీ. జర చెప్పుండ్రి" అన్నాను.

ఆయన నవ్వలేదు. పాడైన బుష్షు తీసుకుని లోపల వేలు తిప్పాడు. షాఫ్టు రాసుకుని మెరిసిన మచ్చలు మూడున్నాయి, సరిగ్గా దవడ గుర్తుల మధ్య. "పలుచటి ముక్కను గంత గనం పిసుకుతరా? పట్టుకున్నంతసేపు నీకు భయపడి గుండ్రంగ ఉంటది. ఇడిసినంక దాని ఇష్టమొచ్చినట్టు అయితది. ఆఖరి కోతకు పట్టు సడలియ్యి దొరా."

మిగిలిన ముక్కను తరిగి, ఆఖరున పట్టు సడలించి, సన్నటి కోత వేశాను. విప్పి తొడిగితే బుష్షు షాఫ్టు మీద మెల్లగా జారుతూ వెళ్లి కూర్చుంది. సేటు షాఫ్టునూ బుష్షునూ గుడ్డలో చుట్టుకుని బండి లేపాడు. మర్నాటి నుంచి లేతు దగ్గర నేనే నిలబడ్డాను.

ఇప్పుడు కోదాడలో నాకు సొంత లేతు ఉంది. ఆ ఒక్క మాట అడగడానికి మూడు బుష్షులు పాడుచేసిన కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. చాలా మారాను. ఇప్పుడు ఒక్కటి పాడవగానే మేస్త్రికి ఫోను చేస్తాను. కాకపోతే, షట్టరు సగం దించి.