కోర్టు గుమ్మంలో పశువుల పాక

ఆర్డిస్‌కు దేవుడి మీద నమ్మకం లేదు గానీ క్రిస్మస్ అంటే ప్రాణం. డిసెంబరు వచ్చిందంటే వంటింట్లోంచి అల్లం, దాల్చినచెక్క వాసన వీధి మొగదాకా వచ్చేది. డబ్బాలకు డబ్బాలు బిస్కెట్లు చేసి పంచేది. కెంటకీ కొండల్లోని ఆ చిన్న ఊళ్లో చాలా ఏళ్లు బడిపిల్లలకు వండిపెట్టింది. ఆమె చర్చికి రాదని అందరికీ తెలుసు. ఆమె ఎవరినీ ఏమీ అనదు, ఆమెనూ ఎవరూ ఏమీ అనరు.

భర్త రాస్కో బొగ్గుగని మనిషి. అతనికీ దేవుడు లేడు. ఒకసారి పొలం గట్టు తగాదాలో కోర్టు బోనెక్కాడు. బైబిల్ మీద చెయ్యి పెట్టమన్నారు.

"నమ్మని పుస్తకం మీద ఒట్టేస్తే అదే మొదటి అబద్ధం అవుతుందండీ. ఉత్త మాటే ఇస్తాను, నిజమే చెప్తాను" అన్నాడు.

జడ్జి సరేనన్నాడు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ తీర్పు చెప్పే జూరీలో కూర్చున్న ఊరివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దేవుడికే జవాబు చెప్పుకోనివాడు మీకేం చెప్పుకుంటాడు?" అన్నాడు ఎదుటి లాయరు. కేసు పోయింది. బయటికొస్తే మెట్ల పక్కనే, కౌంటీ సర్కారువాళ్లు ఏటా క్రిస్మస్‌కు పెట్టించే బొమ్మల పశువుల పాక, గడ్డిలో బాలయేసు, మోకరిల్లిన మరియ. రాస్కో టోపీ పెట్టుకుంటూ, పక్కనున్న ఆర్డిస్‌తో, "ఈ ఇల్లు మనది కాదులేవే" అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు, ఆమెను ఎత్తనివ్వలేదు.

అతను ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక, ఆకులు రాలే కాలంలో, ఆర్డిస్ కౌంటీ సభకు వెళ్లి లేచి నిలబడింది. అధ్యక్షుడు టోల్బర్ట్ ఆమె చేతి రొట్టె తిని పెరిగినవాడే.

"పాకను నేను తీసెయ్యమనడం లేదు నాయనా. ఏ చర్చి ముందరైనా పెట్టుకోండి, నేనూ వచ్చి చూస్తాను. కోర్టు ముందర మాత్రం వద్దు. అది అందరి గుమ్మం."

"ఆర్డిస్ గారూ, ఆ బొమ్మలు మిమ్మల్నేం చేశాయండీ, కరిచాయా?" అన్నాడు టోల్బర్ట్. హాలంతా నవ్వింది.

ఆమె కూర్చోలేదు. "నవ్వండి. మీరు వినకపోతే పైకోర్టుకు వెళ్తాను" అంది.

సర్కారు గుమ్మంలో ఒక్క మతం బొమ్మలే పెడితే చట్టం ఒప్పదు, కోర్టుకెక్కితే ఓడిపోతామని కౌంటీ లాయరు చెప్పినట్టున్నాడు. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాటేసరికి పాక రోడ్డు దాటి బాప్టిస్టు చర్చి ముందుకు వెళ్లింది. దీపాలు రెట్టింపయ్యాయి, పక్క ఊళ్లనుంచి కూడా జనం వచ్చారు. ఆర్డిస్ కూడా, అన్న మాట ప్రకారం, చూడ్డానికి వెళ్లింది. ఆమెను చూడగానే పాటలు పాడుతున్నవాళ్లు ఆపేశారు. ఆమె వెళ్లిపోయేదాకా మళ్లీ మొదలుపెట్టలేదు.

ఆ వారమే చెల్లెలు నెడీన్ ఫోన్ చేసింది. నెడీన్‌కు పెళ్లయినప్పటినుంచీ ఆర్డిస్ క్రిస్మస్ భోజనం ఆ ఇంట్లోనే.

"ఈ ఏడు రాకక్కా."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. మా ఆయన నీ పక్కన కూర్చోనంటున్నాడు."

"మరి నువ్వో?"

"ఎంత పని చేశావే అక్కా! పోయినాయన కోసం బతికున్నవాళ్లని వదులుకున్నావు" అని ఫోన్ పెట్టేసింది నెడీన్.

ఆర్డిస్ ఎప్పటిలాగే బిస్కెట్ల డబ్బాలు ఇరుగుపొరుగు అరుగుల మీద పెట్టి వచ్చింది. అవి అక్కడే వానకు తడిశాయి.

పండగనాడు ఒక్కతే పంది తొడమాంసం కాల్చుకుంది. అంత పెద్ద ముక్క ఎందుకు తెచ్చిందో తనకే తెలియలేదు. మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. నెడీనే అనుకుని చేతులు తుడుచుకుంటూ పరుగెత్తింది. తీరా చూస్తే లువెల్లా. కొండవాలు మీద ఉండే, యెహోవా సాక్షులనే వేరే క్రైస్తవ శాఖ కుటుంబం మనిషి. ఎదురుపడితే తల ఊపడమే తప్ప మాటల్లేవు.

"మా పిల్లల్ని బడివాళ్లు వరసగా నిలబెట్టి ఆ పాక ముందు పాటలు పాడించేవాళ్లండీ. మా మతంలో ఈ పండగ లేదు. పాడకపోతే అందరిలో వెలివేసినట్టు చూసేవాళ్లు. ఈ ఏడు పాక చర్చి దగ్గరికి పోయింది కదా, బడివాళ్లు తీసుకెళ్లలేదు. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

ఆర్డిస్ తలుపు బార్లా తీసింది. లోపలికి రమ్మని ప్లేటు నిండా బిస్కెట్లు పెట్టింది. లువెల్లా ఇబ్బందిగా కదిలింది.

"క్రిస్మస్‌కి చేసినవి కదండీ. మేం ముట్టుకోం."

ఆర్డిస్‌కు నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, ఆగలేదు. "కాఫీకి ఏ మతమూ లేదు, తాగుతావా తల్లీ?"

"కాఫీ అయితే రెండు కప్పులైనా తాగుతాను."

వెళ్లేముందు లువెల్లా సంచిలోంచి పత్రిక తీసి బల్ల మీద పెట్టింది. "చదవండి. లోకాంతం దగ్గర్లోనే ఉంది. మీలాంటి మంచి మనిషి నాశనం కాకూడదు." ఆర్డిస్ చదువుతానంది. చదవలేదు, పారెయ్యనూ లేదు.

వసంతం దాకా లువెల్లా అప్పుడప్పుడూ వచ్చింది. గని మూతపడటంతో వాళ్లు ఇంకో రాష్ట్రం వెళ్లిపోయారు. కోర్టు ముందు పచ్చిక ఖాళీగానే మిగిలింది. నెడీన్ ఒక చావు దగ్గర కనిపించి, "చిక్కిపోయావక్కా" అంది. అంతే, భోజనానికి మాత్రం మళ్లీ పిలవలేదు. తప్పు చేశానని ఆర్డిస్‌కు ఒక్కసారీ అనిపించలేదు. అనిపించి ఉంటే వెళ్లి క్షమించమని అడిగేదే. ఆ దారీ లేకపోయింది.

మరుసటి డిసెంబరులో రేడియోలో పండగ పాటలు వస్తుంటే పిండి కలుపుతూ తనూ గొంతు కలిపింది. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లు గిన్నెలు తోముతూ ఆ పాటలే పాడేవాళ్లు. పాట అసలు వరస పాడే పై గొంతు నెడీన్‌ది, దానికి తోడుగా వేరే స్వరాల్లో నడిచే కింది గొంతు ఆర్డిస్‌ది. అసలు వరస ఆర్డిస్‌కు రాదు, నేర్చుకోవలసిన అవసరమే రాలేదు. ఆ కింది గొంతే, విడిగా వింటే ఏ పాటో పోల్చుకోలేని ఆ గొంతే, చివరిదాకా పాడింది.