మూత తీసిన వైపు సూది ఉండదు

మీటరు చూడ్డానికి వచ్చే ఎవరైనా ముందు గేటు తడతారు. ఈవిడ ముందు పెట్టె తడుతుంది. ప్రహరీగోడకు బిగించిన కరెంటు మీటరు పెట్టెను మూరెడు కర్రతో మూడుసార్లు టకటకా కొట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, మనసులోనే ఇరవై లెక్కపెడుతుంది. లోపల ఎవరైనా కాపురముంటే ఈలోగా బయటికి వస్తారు. ఎవరూ రాకపోతే దగ్గరికి వెళ్ళి, అదే కర్రతో రేకు తలుపు తీసి, అంకెలు రాసుకుంటుంది. కొత్తగా చూసినవాళ్ళు "పెట్టెకు కూడా మర్యాదేనా?" అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. లోపల కాపురముండేవి కందిరీగలు. ఒక్కటి కుడితే చాలు, పావుగంటలో ఆమె ప్రాణం పోవచ్చు.

అందరూ ఆమెను మీటరక్క అంటారు. పదిహేడేళ్ళుగా కాలికి బలపం కట్టుకుని ముప్పై రెండు వీధులు తిరుగుతోంది. మొదటి పదకొండేళ్ళు కందిరీగలంటే ఆమెకూ లెక్కలేదు. ఆ ఉద్యోగంలో కుట్టించుకోనివాళ్ళు ఎవరూ ఉండరు. కుట్టినచోట రుద్దుకుంటూ పక్కింటికి వెళ్ళిపోవడమే. ఆమెనూ ఏడెనిమిదిసార్లు కుట్టాయి. వాచింది, తగ్గింది. తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం, మూడంతస్తుల ఇంటి మెట్ల దగ్గర, చెవి వెనకాల ఒకటి కుట్టింది. ముందు అరచేతులు దురదపెట్టాయి. పెదవులు తిమ్మిరెక్కాయి. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. మూడో మెట్టు మీద కూలబడ్డ మనిషి మళ్ళీ లేవలేదు. అదృష్టం బాగుండి పై అంతస్తులో కుళాయి బాగుచేస్తున్న ప్లంబరు అదే సమయానికి కిందికి దిగాడు. ఆమెను బండిమీద వెనక కూర్చోబెట్టి, తువ్వాలుతో తన నడుముకు కట్టేసుకుని, ఎర్రలైట్లు కూడా చూడకుండా ఆసుపత్రిలో దింపాడు.

"ఇన్నాళ్ళూ కుట్టాయి, ఏమీ కాలేదు కదండీ" అంది మీటరక్క, మాట వచ్చాక.

"ఇన్నాళ్ళూ మీ ఒళ్ళు ఊరుకుందమ్మా. ఇక ఊరుకోదు" అంది డాక్టరు. "ఈసారి కుడితే ఇంత టైం కూడా ఇవ్వకపోవచ్చు."

ఇంటికి వచ్చాక నలభై రోజులు ఆమె గడప దాటలేదు. కిటికీలన్నీ మూసేసింది. ఈగ వాలినా గుండె గుభేలుమనేది. మంచినీళ్ళు తాగబోతూ గ్లాసులోకి తొంగిచూసేది. ఆమె భర్త దర్జీ. ముందుగదిలోనే మిషను పెట్టుకున్నాడు. "ఉద్యోగం మానెయ్. నా మిషను మనిద్దరికీ చాలు" అన్నాడు. ఆ మాట ఆమెకు బాగానే అనిపించింది. అదే ఆమెను భయపెట్టింది. నలభై ఒకటో రోజున డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చిపెట్టమని పక్కింటావిణ్ణి బతిమాలుతూ, తన గొంతు తనకే వినబడి, ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళు ఊరంతా తిరిగిన మనిషికి సొంత డాబా పరాయిదైపోయిందా! చెప్పులు వేసుకుని తనే వెళ్ళి బట్టలు తెచ్చుకుంది. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి తన వీధులు తనకు ఇమ్మంది. మనలో చాలామందిమి ఆ పని చేయలేం, ఒప్పేసుకుందాం.

అలాగని ఊరికే మొండికేసి తిరగలేదు. సెంటు, వాసననూనె, పువ్వుల చీరలు మానేసింది. దర్జీ ఆమెకు మణికట్టు దగ్గర రబ్బరు వేసిన తెల్ల కోటు కుట్టాడు. నడుముకు కట్టుకునే సంచీ కూడా కుట్టాడు. అందులో రెండు మందుపెన్నులు. కందిరీగ కుట్టిన వెంటనే తొడకు పొడుచుకునే ఇంజెక్షన్లు అవి. చూడ్డానికి లావుపాటి రాసే పెన్నులాగే ఉంటాయి. ఒకటి పనిచేయకపోతే రెండోది. ఆ సంచీ విప్పకుండానే నిద్రపోయిన రోజులున్నాయి.

కానీ చెయ్యి ఆడకపోతే? ఈ ప్రశ్న దగ్గర ఆమె బుర్ర పాదరసంలా పనిచేసింది. డాక్టరు దగ్గర సూదిలేని ఉత్తి పెన్నొకటి అడిగి తెచ్చుకుంది. వీధికి కనీసం ఒకరిని చొప్పున ఎంచుకుని నేర్పడం మొదలుపెట్టింది. ఇస్త్రీ చేసేవాడు, గడియారాలు బాగుచేసే మాస్టారు, ఎప్పుడూ అరుగు దిగని తాతగారు, ఎవరైతేనేం, రోజంతా ఇంటిపట్టున ఉండేవాళ్ళయితే చాలు. అందరికీ అదే పాఠం.

"ఇది రాసే పెన్ను కాదు. రాసే పెన్నుకి మూత తీసినవైపు ములికి ఉంటుంది. దీనికి మూత తీసినవైపు సూది ఉండదు, రెండోవైపుంటుంది. మూత పైకి, సూది కిందికి. తొడ పక్కన, బట్టమీదే పొడిచి, పది లెక్కపెట్టండి. మధ్యలో నా మొహం చూడకండి, భయపడతారు."

అందరికంటే ముందు నేర్చుకున్నది దర్జీ. రోజంతా సూదితో బతికే మనిషి, పెళ్ళాం తొడకి ఉత్తి పెన్ను ఆనించడానికి కళ్ళు మూసుకునేవాడు. "కళ్ళు తెరిచి పొడవండి, పక్కింటావిణ్ణి పొడిచేరు" అని ఆమె ఏడిపించేది.

అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నది గేటు పెద్దమ్మ. పదో వీధిలో నీలిగేటు ఇల్లు ఆవిడది. ఎప్పుడూ గేటు దగ్గరే నిలబడి దారినపోయేవాళ్ళ తప్పులు పట్టడం ఆవిడకు కాలక్షేపం. తన మీటరు గుర్రంలా పరిగెడుతోందని నెలనెలా మీటరక్కతో తగువు. పెన్ను సంగతి ఎత్తగానే "నేనేమైనా కాంపౌండర్నా?" అని గేటు వేసేసింది. మూడు నెలల తర్వాత కిటికీలోంచి తనే పిలిచింది. "ఏదీ, ఆ పెన్ను ఇలా తే." అప్పటినుంచి నెలకోసారి తగువు ముగిశాక సోఫా దిండును పొడిచి పది లెక్కపెట్టేది. "నువ్వు చెప్పడమే తిన్నగా లేదు" అని చివాట్లు కూడా పెట్టేది.

ఇలా ఆరేళ్ళు గడిచాయి. ఒక్క కందిరీగా కుట్టలేదు. అప్పుడు ఆఫీసుకు కొత్త ఆఫీసరు వచ్చాడు.

చెడ్డవాడు కాడు. ఫైల్లో ఆమె డాక్టరు చీటీ చూసి బెదిరిపోయాడు, అంతే. "సోమవారం నుంచి మీరు ఆఫీసులో కూర్చోండమ్మా. మీకేమైనా అయితే నేనెవరికి జవాబు చెప్పను?" అన్నాడు. కుర్చీ వద్దన్న ఉద్యోగిని ఆయన అంతకుముందు చూసి ఉండడు.

"నలభై రోజులు కూర్చున్నాను సార్. లేచి రావడానికి ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు. మళ్ళీ కూర్చుంటే నాకు కాళ్ళు రావు. ఒక్కరోజు నాతో వచ్చి చూడండి. అప్పుడు కూడా కూర్చోమంటే నోరెత్తను."

శుక్రవారం పొద్దున ఆయన జేబులో రెండు రాసే పెన్నులు, చేతిలో ఫైలుతో ఆమె వెంట బయల్దేరాడు. తొమ్మిది వీధులు ఆమె కర్ర తట్టడం, వెనక్కి రావడం, ఇరవై లెక్కపెట్టడం చూశాడు. చూసి మెచ్చుకున్నాడు కూడా. ఎండ ముదిరేకొద్దీ ఆ ఇరవై ఆయనకు రెండొందలుగా తోచింది. పదో వీధి, గేటు పెద్దమ్మ ఇల్లు. మీటరక్క పెట్టె తట్టింది. రేకు సందులోంచి ఒక కందిరీగ బయటికి వచ్చి తలుపుమీద పాకింది.

"గూడుంది సార్. ఈ ఇంటికి ఇవాళ రీడింగు లేదు. వాళ్ళకి చెప్పి, గూడు తీయించాక వస్తాను."

"ఒక్క కందిరీగకేనా! మీరక్కడే ఉండండి, నేను చూస్తాను" అంటూ ఆయన ఫైలు అంచుతో తలుపు లాగేశాడు.

గూడు తలుపుకే అంటుకుని ఉంది. తలుపుతో పాటు అదీ ఊడింది. ఆఫీసరు ఫైలు అక్కడే పారేసి పరుగు లంకించుకున్నాడు. మీటరక్క పరిగెత్తలేదు, చేతులు విసరలేదు. మొహం కప్పుకుని గబగబా నడిచి గేటు లోపలికి వచ్చేసింది. అయినా ఒకటి జుట్టులో దూరి మెడమీద కుట్టింది.

ఆమె నేలమీద కూర్చుంది. అరచేతులు దురదపెట్టాయి. ఆ దురద ఆమె మరిచిపోలేదు. సంచీలోంచి పెన్ను తీసేసరికే వేళ్ళు పట్టుతప్పుతున్నాయి. చెవి వాచిపోయి తిరిగొచ్చిన ఆఫీసరు ఆమెను చూసి హడలిపోయి, "నేనిస్తా, నేనిస్తా" అంటూ పెన్ను లాక్కుని మూత పీకాడు. ముప్పై ఏళ్ళుగా సంతకాలు పెడుతున్న చెయ్యి అది. ఆ చేతికి తెలిసిందల్లా మూత తీసినవైపే ములికి ఉంటుందని. ఆ వైపు ఆమె తొడకు ఆనించి, రెండో కొనమీద బొటనవేలు పెట్టి, బలమంతా ఉపయోగించి నొక్కాడు. సూది ఆయన బొటనవేల్లో దిగింది.

ఆయన కేకకు గేటు పెద్దమ్మ బయటికి వచ్చింది. ఒక్క చూపులో అంతా అర్థమైంది. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని మెట్లు దిగని మనిషి, దిగింది. ఆఫీసర్ని భుజంతో పక్కకు నెట్టి, సంచీలోంచి రెండో పెన్ను తీసింది. మూత పైకి, సూది కిందికి. పొడిచింది. "ఒకటి, రెండు" అని గట్టిగా లెక్కపెట్టింది. మీటరక్క మొహం వైపు చూడలేదు. పది దాకా వచ్చాక ఆమెను పడుకోబెట్టి, కాళ్ళ కింద సోఫా దిండ్లు వేసి, "అంబులెన్సుకి ఫోన్ చెయ్యి నాయనా, ఒక వేలు పోతే తొమ్మిది లేవూ?" అంది.

ఆసుపత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు దొరికాయి. ఆమెకు సెలైను. ఆయనకు పాలిపోయి మొద్దుబారిన బొటనవేలు, వేడినీళ్ళ గిన్నె. దర్జీ మిషను మీది గుడ్డ భుజాన అలాగే వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. మీటరక్క పైకప్పు వైపు చూస్తోంది. తప్పు ఎవరిదైనా, జరగకూడనిది ఆఫీసరు కళ్ళముందే జరిగింది. తన వీధులు ఇక తనవి కావు. ఊపిరి ఆడుతోంది కానీ సంతోషం లేదు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఇంకా ఆ వీధుల్లోకి మిమ్మల్ని ఎలా పంపమంటారమ్మా? హాయిగా ఆఫీసులో..."

"ఒక్కమాట నాయనా" అంది గుమ్మంలో నిలబడ్డ గేటు పెద్దమ్మ. "కందిరీగ మీ ఆఫీసు కిటికీలోంచి రాదా?"

"రావచ్చు."

"వస్తే, ఆ పెన్ను పొడవడం మీ ఆఫీసులో ఎంతమందికి వచ్చు?"

ఆయన తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. "ఎవరికీ రాదు."

"మా వీధిలో నలుగురికి వచ్చు. పక్కవీధిలో ముగ్గురికి. ముప్పై రెండు వీధుల్లో ఎక్కడ పడిపోయినా లేపేవాళ్ళున్నారు దానికి. ఎవరికీ రానిచోట కూర్చోబెడతావో, అందరికీ వచ్చినచోట తిరగనిస్తావో నువ్వే చెప్పు. చదువుకున్నవాడివి."

ఆఫీసరు వేలు గిన్నెలో ముంచి, తీసి, మళ్ళీ ముంచాడు. తర్వాత మెల్లగా, "సోమవారం మీ వీధులకే వెళ్ళండమ్మా" అన్నాడు. "వెళ్ళేముందు ఒక గంట ఆఫీసుకి రండి. మాక్కూడా నేర్పాలి. ముందు నాకు."

ఆరేళ్ళలో కంటతడి పెట్టని మీటరక్క దుప్పటి మొహమ్మీదికి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది. దర్జీ ఏం చేయాలో తోచక దుప్పటి అంచు సవరించాడు. గేటు పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మంచం దగ్గరికి వచ్చి, దుప్పటి లాగేసి, తన పమిటతో ఆమె మొహం తుడిచింది.

"ఏడవకే పిచ్చిదానా" అంది. "గొంతు ఇప్పుడిప్పుడే తెరుచుకుంది. మళ్ళీ మూసుకుపోతే నా దగ్గర ఇంకో పెన్ను లేదు."