ఎక్స్‌రే కవరూ, నక్షత్రం బొమ్మా

రాసుకో అమ్మా, ఈ అమ్మమ్మ చెప్పేది. కంకిపాడు దగ్గర రైసుమిల్లులో పాతికేళ్లు తవుడు జల్లించాను. దగ్గు తగ్గట్లేదని నిన్న బెజవాడలో ఛాతీకి ఎక్స్‌రే తీశారు. డాక్టరు గారికి రేపు చూపించాలి. ఇందాక నీ లాప్‌టాప్‌లో రెండు రెక్కల బొమ్మ, దాని నిండా తెల్లటి దుమ్ము కనపడగానే నిన్ను అడిగాను.

"నా ఊపిరితిత్తులా ఇవి?"

"కాదు అమ్మమ్మా, చనిపోతున్న నక్షత్రం. దాని దుమ్ము కంటికి ఆనదు. వేడిని బట్టి ఇన్‌ఫ్రారెడ్‌లో తీస్తారు."

"అంత దుమ్ము ఎక్కడిది?"

"నక్షత్రమే బయటికి వదిలింది."

నేను మిల్లు దుమ్ము లోపలికి పీల్చాను. ముక్కుకు చెంగు కట్టుకుంటే, "మహారాణి గారొచ్చారండీ" అని తోటివాళ్లు నవ్వేవారు. అందుకని కట్టుకోవడం మానేశాను.

కవరు బీరువా మీదుంది. రేపటిదాకా ఆగలేను. రాయడం ఆపి, నువ్వే తీసి చూడు. నేను అటు తిరిగి కూర్చుంటాను.