రెండు జాబితాలు

చిత్తూరులో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో గుమాస్తాను. జాబులు పంపడం నా పని. అందుకునేవాళ్లకు కావలసింది జాబ్. ఈ ఏడాది లెక్చరర్ పోస్టు ఇంటర్వ్యూలకు కొత్త మెయిల్ సర్వీసు నుంచి పిలుపులు పంపాను.

ఐరాల ఊరి అమ్మాయి ఒకామె మాత్రం రాననింది. కారణం కనుక్కుందామని ఫోన్ చేశాను.

"మీ మెయిలు స్పామ్‌లో పడుండాది సార్. పైన జాగ్రత్త అని ఎర్రగా రాసుండాది. పోయినేడు ఇట్లాంటిదే నమ్మి తిరపతి దాకా పోయినాను. ఆడ ఆఫీసూ లేదు, ఆఫీసరూ లేడు."

"నేను కాలేజీ నుంచే మాట్లాడతా ఉండానమ్మా."

"పోయినేడు నన్ను మోసం చేసిన ఆయప్ప కూడా అట్లే చెప్పినాడు సార్."

ఇంటర్వ్యూ మరుసటి రోజే. మా కంప్యూటర్ లెక్చరర్‌ను పట్టుకున్నాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఏ సర్వర్లు మన పేరుతో మెయిలు పంపొచ్చో మనమే ఒక జాబితా రాసి, అందరికీ కనిపించేలా పెట్టాలి. మెయిలు అందుకునే సర్వీసు ఆ జాబితా తిరగేసి, పంపిన సర్వరు అందులో ఉంటేనే నమ్ముతుంది.

"జాబితా నేను రాసినానే!"

ఆయన తెరచి చూసి నవ్వినాడు. "ఏంది సార్, రెండు పెట్టినారు? ఒక పేరుకు ఒకటే ఉండాల. రెండుంటే రెండూ చెల్లవు."

"పైది నాకు ముందు ఈ పని చూసి రిటైరైన పెద్దసారు రాసింది అప్పా. దాంట్లో చెయ్యి పెట్టేదానికి మనసు రాలా. కింద నాది వేరేగా రాసినాను."

"పెండ్లిపత్రికలో పెద్దాయన పేరనుకున్నారా, తీస్తే అలుగుతాడని? ఆ లైన్లోనే కొత్త సర్వరును చేర్చండి, రెండోది తీసేయండి."

పెద్దసారుకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని, రెండు లైన్లూ ఒకటి చేశాను. మార్పు అంతటా చేరేదాకా రెండు గంటలు ఆగి మెయిలు మళ్లీ పంపి ఫోన్ చేశాను.

"ఈసారి ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది సార్. ఎర్రది లేదు," అనింది. మెయిల్లో టైము చూసుకుని, "సరే, పదింటికి వస్తాను," అనింది.

మరుసటి రోజు తొమ్మిదిన్నరకే వచ్చింది. ఫైలు ఒళ్లోనే పెట్టుకుని, "నిన్న ఫోన్ చేసింది మీరేనా?" అని అడిగింది. మెళ్లో ఉన్న గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను. ఫొటోనూ నన్నూ రెండుసార్లు చూసింది. ఆ ఫొటోలో నాకు జుట్టు ఇంకా ఉంది, తప్పు ఆమెది కాదు. తర్వాతే సర్టిఫికెట్లు బయటకు తీసింది.