సబ్‌టైటిల్స్ పడని ఆదివారం

ఫ్రెంచి సినిమా చరిత్రంతా చూపిస్తామని మా విశాఖ మేధావులు ఫిల్మ్ క్లబ్బులో వారానికో దశాబ్దం చొప్పున సినిమాలు వేశారు. ఒక ఆదివారం, ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే మా బావని వెంటబెట్టుకెళ్లాను. ఆ రోజు సబ్‌టైటిల్స్ పడలేదు. నాతో సహా హాల్లో ఎవరికీ ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. అయినా ఒక్కడూ నోరు మెదపలేదు. రెండు గంటలూ గడ్డాలు నిమురుకుంటూ చూశారు. తర్వాత చర్చ పెట్టారు. సంభాషణలు అద్భుతం అన్నాడొక పెద్దమనిషి.

మా బావ లేచాడు. "కింద అచ్చరాలే రానేదు కదా బాబూ, ఆళ్లేటన్నారో తవఁరికెలాగ తెలిసింది?"

"ఎవరండీ ఇతన్ని తీసుకొచ్చింది?" అని విసుక్కున్నాడు పెద్దమనిషి.

అందరూ అటూ ఇటూ చూశారు. వాళ్లతోపాటు నేనూ చూశాను, ఎవరా అని.