సాలెపురుగు ఉన్న ఇంట్లో గురువారం కూడిక

రాచర్ల దగ్గరి ఒక పేటలో ఇస్సాకు ఇల్లు. గిద్దలూరులో ఒక కోత మిల్లులో దుంగలు కోస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ల చేతుల వంక చూస్తాడు, తర్వాతే మొహం వంక. ఊళ్లు తిరుగుతూ నేను అక్కడికి వెళ్లిన రోజు నా సంచి విప్పి చూపించినా నమ్మకం కుదరలేదు. పుస్తకాలేనని తెలిశాక కూడా దాన్ని గడప బయటే పెట్టించాడు.

అతని అనుమానమంతా ఒక చేపల తొట్టి గురించి. నీళ్లు లేని ఆ పాత గాజు తొట్టిలో, ఒక కర్రమొద్దు వెనక, అరచేతంత సాలెపురుగు ఉంది. ఒళ్లంతా నూగు. మిల్లులో బోలు చింతమొద్దును రంపం మీదికి ఎక్కించబోతే అది బయటికొచ్చిందట. తోటివాళ్లు చెప్పులు తీస్తే, ఇస్సాకు తలకు చుట్టుకున్న తువాలు తీసి దాని మీద కప్పాడు. దాని పేరు టరాంటులా అని తర్వాత ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకున్నాడు. తొట్టి మీద మూతగా మార్కాపురం పలకరాయి ముక్క పెట్టాడు. సోడా మూతలో నీళ్లు పోస్తాడు. పెరుగు బకెట్టులో బొద్దింకల్ని విడిగా సాకి, వారానికొక దాన్ని పట్టకారుతో లోపలికి వదులుతాడు. మందు కొట్టిన ఇళ్ల బొద్దింకలైతే ముట్టడు.

"చంపేటోళ్లు ఊరంతా ఉండారు. ఒకడు సాకితే ఏం పోయింది?" అంటాడు.

పేటలో ఆ మాట నమ్మినవాళ్లు నాకు ఒక్కరూ కనపడలేదు. అడవి పురుగుల్ని సిటీవాళ్లకు అమ్ముతాడని టీ దుకాణంలో కొందరన్నారు. నాటుమందుల్లో వాడతాడని ఇంకొందరు. మనిషి ఊరికే ఒక పని చేస్తాడంటే మనవాళ్లకు నిద్రపట్టదు. ఈ దేశం పొడుగూతా తిరిగి చూశాను, ఆ ఒక్క సంగతిలో ఊళ్లన్నీ ఒకటే. శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం సాలీడుదేనని, ఆ పురుగు శివుణ్ణి కొలిచిందని నేను కథ మొదలుపెడితే ఇస్సాకు చెయ్యెత్తి ఆపేశాడు. "గుడి సంగతులు మా ఇంట్లో ఎందుకులే పెద్దాయనా, ఉన్న గొడవ చాలు."

గొడవ అతని భార్య సంతోషమ్మది. పేటలో గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ల ప్రార్థన కూడిక వంతుల వారీగా ఒక్కో ఇంట్లో జరుగుతుంది. పాస్టరు శ్యాంసన్ వస్తాడు, పాటలు, వాక్యం, చివర టీ. పురుగు వచ్చినప్పటి నుంచి ఆ వంతు సంతోషమ్మ ఇంటిని దాటి పక్కింటికి పోతోంది. ఎవరూ రామని చెప్పలేదు, అడగడం మానేశారంతే. ఆమెకు అది అన్నం మానేసినంత బాధ. పైగా పక్కింటి పిచ్చమ్మ కోడిపిల్లలు రెండు కనపడకుండా పోయాయి. పిచ్చమ్మ పేట ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు. ఆమె ఎవరింటి వైపు చూసి నిట్టూర్చిందో అందరూ చూశారు.

ఈలోగా పురుగు తిండి మానేసింది. వదిలిన బొద్దింక దాని ముందే తిరుగుతున్నా పట్టించుకోలేదు. ఒక ఆదివారం పొద్దున చూస్తే వెల్లకిలా పడి ఉంది, కాళ్లన్నీ పైకి. ఇస్సాకు తొట్టి ముందు కూలబడ్డాడు, చర్చికి రానన్నాడు. సంతోషమ్మ ఒక్కతే వెళ్లింది. దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడింది.

"నా ప్రార్థన దేవుడు ఆలకించినాడు. మా ఇంట్లోని పురుగును తీసేసినాడు!"

సంఘమంతా స్తోత్రం అన్నది. రాబోయే గురువారం కూడిక సంతోషమ్మ ఇంట్లోనే అని పాస్టరు అక్కడే చెప్పేశాడు. పిచ్చమ్మ మాత్రం ఆరాధన కాగానే ఆమె వెంటే నడిచింది.

"నేను చూసినాకే నమ్ముతా."

చూశారు. తొట్టిలో రెండు సాలెపురుగులు ఉన్నాయి.

"ఒకటి చచ్చిందని సంఘంలో చెప్పినావు. ఈడ రెండుండాయి గదే!" అంది పిచ్చమ్మ.

ఇస్సాకు పట్టకారుతో ఒకదాన్ని పైకెత్తాడు. అది బోలుగా, తేలిగ్గా ఊగింది. "తోలు అత్తా. పాము ఇడిసినట్ల ఇడిసింది. నేనూ చచ్చిందనే అనుకున్యా."

"పాముకైతే కుబుసం. పురుగుకు కుబుసం ఏందిరా? నాకు చెప్తావా?" పిచ్చమ్మ గడప దాటి వెనక్కి తిరిగింది. "మా కోడిపిల్లల్ని మింగి బలిసింది, తోలు పట్టక ఇడిసింది. సంతోషమ్మా, దేవుని ముందర అబద్ధసాక్ష్యం చెప్పినావు, చూసుకో."

ఆమె పోయాక సంతోషమ్మ మొగుడి వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసు. తెలిసే నా చేత చెప్పిచ్చినావు."

"నీ తోడు, తెలీదే."

"ఫోన్లో అన్నీ చూస్తావే, ఇదొక్కటే చూడలేదా?"

ఇస్సాకు పట్టకారు కడగడానికి పెరట్లోకి పోయాడు. నేనూ తర్వాత అడిగాను. పలకరాయి సర్దుతూ, "ఆ వీడియో నాకు రాలేదు" అన్నాడు. నిజమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గురువారం దాకా ఆ ఇంట్లో పోట్లాటే. కూడిక అయ్యేదాకా తొట్టిని మిల్లులో పెట్టమని ఆమె, కొత్త తోలు ఇంకా మెత్తగా ఉంది, కుదిపితే చస్తాదని అతను. చివరికి తొట్టి మీద ఆమె పాత చీర కప్పారు. చాపలు పరిచి సంతోషమ్మ వాకిట్లో నిలబడింది. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత పాస్టరు, అతని వెనక పిచ్చమ్మ, పిచ్చమ్మను చూసి మిగతావాళ్లు వచ్చారు. ఆ మూలకు మాత్రం ఎవరూ పోలేదు. పిచ్చమ్మ చీర కప్పిన తొట్టికి ఎదురుగా, చాప అంచున కూర్చుంది.

పాట మొదలు కాకముందే సంతోషమ్మ లేచింది. "ఆదివారం నేను తప్పు చెప్పినా. సరిగ్గా చూడకుండా చెప్పినా. అది చావలేదు. ఆ మూలే ఉండాది. కూర్చునేటోళ్లు కూర్చోండి, పొయ్యేటోళ్లు పోండి, నేనేమీ అనుకోను."

ఇద్దరు ముగ్గురు కొంగులు సర్దుకున్నారు. అందరి చూపూ పిచ్చమ్మ మీదే.

"మూత గట్టిదేనా?" అంది పిచ్చమ్మ.

"పలకరాయి అత్తా."

"ఊఁ. కానీయ్ అయ్యగారూ."

పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. పిచ్చమ్మ మూసుకోలేదు, చీర వైపే చూస్తోంది. ఇస్సాకూ మూసుకోలేదు, తలుపు దగ్గర నిలబడి పిచ్చమ్మ చేతుల్నే చూస్తున్నాడు. పాస్టరు కూడా మధ్యలో ఒక కన్ను తెరిచాడు.

చివర టీ వచ్చాక, గ్లాసును వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, పిచ్చమ్మ ఒక గుక్క తాగింది. ఆమె తాగాకే మిగతావాళ్లు గ్లాసులు అందుకున్నారు.

"మళ్లా మీ వంతు వచ్చినప్పుడు వస్తాంలే," అని లేచింది పిచ్చమ్మ, "కానీ రెండు మూడైనాయంటే మాత్రం ముందుగానే చెప్పాల."