కట్టుబడివాడికి పెట్టిన ముఖం

ముప్పయ్యేళ్లు నంద్యాలలో పిల్లలకు చరిత్ర చెప్పాను. యుద్ధాల నుంచి మనం ఏం నేర్చుకోవాలో రాయమని ప్రతి పరీక్షలోనూ ఒక ప్రశ్న ఇచ్చేవాణ్ణి. దానికి జవాబు నాకే రాదని పోయినేడాది తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

శిరివెళ్ల దగ్గర మా ఊళ్లో ఒక విగ్రహం పెట్టాలనుకున్నారు. కంపెనీ పటాలంతో పోరాడి చచ్చిపోయిన కట్టుబడివాడిది. కట్టుబడి అంటే పాలెగాడు ఇచ్చిన చేను దున్నుకుంటూ, పిలిచినప్పుడు కత్తి పట్టుకుని పోయే మనిషి. పాలెగాళ్లకు కథలన్నా మిగిలాయి, వీళ్లకు అవీ లేవు. అందుకే నాకు సంబరమైంది. ఖర్చంతా ఊరి పెద్దరైతుది. శిలాఫలకం మీద నాలుగు వాక్యాలు రాసే పని నాది.

ఇద్దరం ఆళ్లగడ్డ వెళ్లి శిల్పిని కలిశాం. దేవుళ్లనైతే ఆయన శాస్త్రం ప్రకారం చెక్కుతాడు. మనుషులకు మాత్రం ఫొటో కావాలి.

"ఫొటో ల్యాకుంటే మొగం యాడ నుంచి తెచ్చేది సార్?" అన్నాడు.

ఆ కట్టుబడివాడి వంశంలో ముసలామె ఒకామె ఊళ్లోనే ఉందనీ, ఆమె కొడుకును చూసి చెక్కమనీ చెప్పాను. నా మాట పూర్తి కాకముందే పెద్దరైతు జేబులోంచి తన తాత ఫొటో తీశాడు.

"ఈ మొగం పెట్టప్పా. మీసం బాగుంటాది."

ఆ తాత సంగతి మా ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు. కట్టుబడివాడి చేను తరతరాలుగా ఆ ముసలామె ఇంటిదే. ఈయన తాత దాన్ని తన పొలంలో కలిపేసుకుని వాళ్లను గట్టు మీదికి కూడా రానివ్వలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పెదవి దాకా కూడా రాలేదు. ఆయన కారులో వచ్చాను, ఆయన కారులోనే పోవాలి. దారిలో ఆయన పెట్టించిన భోజనం మారు వడ్డించుకుని మరీ తిన్నాను. సిగ్గులేని కడుపు.

విగ్రహానికి తెర తీసిన రోజు ఒక నాయకుడు త్యాగం గురించి అరగంట మాట్లాడాడు. ఎవరి త్యాగమో ఆయనకే తెలియదు. నాకు శాలువా కప్పారు. వారసురాలంటూ ఆ ముసలామెను పిలిచి చేతికి దండ ఇచ్చారు. ఆమె విగ్రహం వైపు తలెత్తి చూసి, దండతోనే నా దగ్గరకు వచ్చింది. చదువుకున్నవాణ్ణని నమ్మకం కాబోలు.

"సారూ, మమ్మల్ని చేన్లోంచి ఎల్లగొట్టినోని మొగం ఇది. చిన్నప్పుడు చూసినా. మా పెద్దాయన యాడ ఉండాడు?"

"అందరూ చూస్తున్నారు, దండ వెయ్యమ్మా," అన్నాను.

నేను చెప్పానని వేసింది.